దర్శి చుక్క, మంగళగిరి అంచు

నేను దర్శి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం చూసొచ్చారు?" ఒక చుక్కను చూసొచ్చానంటే నవ్వుతున్నారు. చుక్కలు మంగళగిరిలో లేవా అని పక్కింటావిడ అడగనే అడిగింది. ఉన్నాయి. కానీ ఈ చుక్క మా ఊళ్ళో కనపడదు. నిజం చెప్పాలంటే దర్శిలోనూ కంటికి కనపడదు. కంటికి కనపడని దాని కోసం మూడు రోజులు బస్సుల్లో ఊగిపోయి వచ్చిన అరవై మూడేళ్ళ మనిషిని చూసి ఎవరైనా నవ్వుతారు. నవ్వేవాళ్ళకు విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మంగళగిరి: సంచిలో ఉత్తరం

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చెప్పినన్నాళ్ళూ నల్లబల్ల మీద నక్షత్రాలు గీశానే గానీ తలెత్తి చూసింది తక్కువ. ఇప్పుడు తీరిక దొరికింది. ఊళ్ళల్లో సొంత టెలిస్కోపులు పెట్టుకుని ఆకాశం ఫోటోలు తీసేవాళ్ళు పదిమంది, నేనూ కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాం. వాళ్ళు కొలుస్తారు, నేను ఆ కొలతలన్నీ ఒకచోట చేర్చి సరిచూస్తాను. టెలిస్కోపు లేనిదాన్ని నేనొక్కదాన్నే, పెత్తనం మాత్రం నాదే.

ఈ చలికాలంలో ఒక నక్షత్రం పేలిపోయి కనపడింది. అసలు పేలుడు జరిగేనాటికి భూమ్మీద గడ్డిపరక కూడా మొలవలేదు, ఆ వెలుగు ఇన్నాళ్ళకు మన దాకా వచ్చింది. ఇలా పేలిన నక్షత్రాన్ని సూపర్ నోవా అంటారు. మామూలుది కొన్ని వారాలు వెలిగి ఆరిపోతుంది. ఇది వాటికంటే పదుల రెట్లు ఎక్కువ వెలుగుతో, తగ్గీ తగ్గనట్టు తగ్గుతోంది. దీపం ఆరాల్సిన వేళ దాటినా ఆరకపోతే ఎవరో లోపల నూనె పోస్తున్నట్టే కదా, ఆ నూనె ఏమిటన్నదే ప్రశ్న.

పెద్ద శాస్త్రవేత్తలు రెండు సమాధానాలు చెబుతారు. పేలగా మిగిలిన నడిమి గుండు బలమైన అయస్కాంతమై, సెకనుకు వందలసార్లు గిర్రున తిరుగుతూ, తన వేగాన్ని వెలుగుకి ధారపోస్తోందని ఒకటి. పేలిన ముక్కలు అంతకుముందే బయటికి చిమ్మిన వాయువును గుద్దుకుని వెలుగుతున్నాయని ఇంకొకటి. తిరిగే అయస్కాంతమైతే వెలుగు నున్నగా తగ్గుతూ పోవాలి. గుద్దుకోవడమైతే మధ్యలో ఎక్కడో ఉబ్బు కనపడొచ్చు.

ఆ ఉబ్బు మా బృందంలో ఒక్కరికే కనపడింది. ఆయన దర్శిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే మస్తాన్ వలి. పదో తరగతితో చదువు ఆపేసి, తన షెడ్డు డాబా మీద పన్నెండంగుళాల అద్దంతో టెలిస్కోపు చేసుకున్న మనిషి. బృందంలో ఇంకెవరూ ఇరవై రాత్రులు దాటలేదు, ఈయన నలభై ఒక్క రాత్రులు కొలిచాడు. అందులో వరసగా మూడు రాత్రులు చుక్క వెలుగు పెరిగింది. అవే రాత్రులు కొలిచిన మరో ఇద్దరికి అలాంటిదేమీ లేదు. ఇంతలో మస్తాన్ ఊరంతా చెప్పుకున్నాడు, ఆ ఉబ్బు ముందుగా పట్టింది మన దర్శిలోనేనని.

మిగతావాళ్ళు గునిశారు. ఆ ఊరి నిండా మిరపకాయల దుమ్మే కదా, ఆ కొలతలు నమ్మేదెట్లా అన్నారు. నేనూ తలూపాను. "దుమ్ము కారణంగా దర్శి కొలతలు నమ్మదగినవి కావు కనుక నలభై ఒకటీ తీసేస్తున్నాం" అని ఉత్తరం టైపు చేసి సంతకం పెట్టాను. మా నివేదిక ఆ వారాంతంలో శాస్త్రవేత్తలకు వెళ్ళాలి. మెయిల్ పంపితే అర నిమిషం పని, కానీ ఒక మనిషి నలభై ఒక్క రాత్రుల నిద్రను అర నిమిషంలో కొట్టేయడానికి చెయ్యి రాలేదు. ముఖం చూసి చెబుదామని ఉత్తరం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

పెదకాకాని: గుండు చేయించుకున్న అవ్వ

ఎక్కిన అరగంటకే పెదకాకానిలో బస్సు టైరు పంక్చరైంది. చెయ్యబోయే పనికి తగ్గ శకునమే అనుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. పక్కన ఒక అవ్వ, గుళ్ళో మొక్కు తీర్చుకుని నున్నటి గుండుకు గంధం రాసుకుని కూర్చుంది. ప్రసాదం పులిహోర నా చేతిలో కూడా పెట్టి, ఎక్కడికని అడిగింది. మా ఊళ్ళో అయితే ముందు ఇంటిపేరు అడుగుతారు. ఈవిడ పులిహోర పెట్టాకే ప్రశ్న వేసింది, ఆ పద్ధతి నాకు నచ్చింది.

చుక్క సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, "చచ్చిపోయిన చుక్కకి అంత వెలుగు యాడదమ్మాయ్?" అంది.

"అదే తెలీదవ్వా. అందరం దానికోసమే కొట్టుకుంటున్నాం."

"బతికున్నప్పుడు దాచుకుందేమో" అంది అవ్వ, చేతికంటిన మెతుకులు దులుపుకుంటూ.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన దాన్ని, అంత చిన్న వాక్యంలో నేనెప్పుడూ చెప్పలేదు.

గుంటూరు: దుమ్ము ముఖం చూద్దామని

నేరం దుమ్ము మీద మోపాను కదా, దాని ముఖమైనా చూడాలనిపించి గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళాను. గేటు దాటకుండానే తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు తిప్పిన చోటల్లా బస్తాలే, ఇక్కడ వాటిని టిక్కీలంటారు. జనం ముఖానికి తువ్వాళ్ళు చుట్టుకుని మాటల మధ్య తుమ్ముతున్నారు, తుమ్ముకి ఆగి మళ్ళీ మాట అందుకుంటున్నారు. ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు.

ఒక షెడ్డులో ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు. శేషమ్మ అనే ఆవిడ నాకు జాగా ఇచ్చింది. రంగు వెలిసి తెల్లబడ్డ కాయను తాలు అంటారని చూపించింది. నేనూ గంటసేపు ఏరాను. తర్వాత ఎవరైనా చేసే పనే చేశాను, చేత్తో కన్ను నులుముకున్నాను.

ఆ మంట రాసేది కాదు. నీళ్ళ కోసం పరిగెత్తబోతే శేషమ్మ రెక్క పట్టుకుని ఆపింది. "నీళ్ళు పెట్టమాకండి మేడం, ఇంకా మండుద్ది!" అని అరిచి, ఎవరి సంచిలోంచో కొబ్బరినూనె తెచ్చి రెప్పల మీద రాసింది. అందరూ నవ్వారు. నాకు ఏడుపు వస్తున్నా నేనూ నవ్వాను. చుక్కను చూడ్డానికి బయల్దేరి దారిలోనే కళ్ళు పోగొట్టుకున్న మొదటిదాన్ని నేనే అయ్యుంటాను.

కాస్త తెరిపిన పడ్డాక అడిగాను: "తాలు ఎక్కువుంటే టిక్కీ మొత్తం పక్కన పెట్టేస్తారా?"

శేషమ్మ నన్ను చంటిపిల్లను చూసినట్టు చూసింది. "మొత్తం పారేసేదానికి మేమెందుకండీ ఇక్కడ? తాలు తీసేత్తాం, కాయ ఉంచుతాం. అంతేగా."

సంచిలో ఉత్తరం గుర్తొచ్చింది. ఆ రాత్రి గుంటూరులో భోజనం సయించలేదు. కన్ను మంట వల్లేనని నాకు నేనే చెప్పుకున్నాను.

అద్దంకి దారి

మర్నాడు చిలకలూరిపేట మీదుగా అద్దంకి వైపు. ఒక పక్క పత్తి తీతలు అయిపోయి, పీకిన కట్టె మోపులు కట్టి ఉంది. ఇంకో పక్క కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు, బస్సు కిటికీలోంచి చూస్తే నేల కనపడనంత ఎరుపు. నా పక్క సీటాయన కళ్ళం చూసినప్పుడల్లా ఆకాశం వంక చూస్తున్నాడు. పోయిన నెలలో అకాల జల్లు పడి ఊళ్ళోవాళ్ళంతా పట్టలు, దుప్పట్లు, ఆఖరికి చీరలు కూడా పట్టుకుని కళ్ళాలకు పరిగెత్తారట.

"కాయ తడిస్తే మచ్చ పడుద్దండీ. మచ్చ పడితే ఏడాది కష్టం పోయినట్టే" అన్నాడు.

అద్దంకిలో ఇడ్లీ తిన్నాను. పండుమిరప పచ్చడి వేశారు. మా మంగళగిరిలో పచ్చడి ఇడ్లీకి నంచుకుంటాం, ఇక్కడ పచ్చడికే ఇడ్లీ నంచుకుంటారు. సర్వరు నా ఎర్రబడ్డ కళ్ళు చూసి, అడక్కుండానే మజ్జిగ తెచ్చి పెట్టాడు.

దర్శి: తిరిగే చక్రం

మస్తాన్ బస్టాండుకే వచ్చాడు. నలభై ఐదేళ్ళ బక్క మనిషి, వేళ్ళకు రాగి తీగ గీరిన గీతలు. సంచి లాక్కుని, "కళ్ళేందండీ అట్టా ఉన్నయ్? నిద్ర లేదా?" అన్నాడు. యార్డు సంగతి చెబితే నవ్వలేదు. "మా ఇంటిది నెయ్యి రాత్తదిలెండి" అన్నాడు.

షెడ్డు నిండా విప్పిన మోటార్లే. మూల బల్ల మీద ఒక బరువైన ఇనప చక్రం, దాని ఇరుసుకు అయస్కాంతం, పక్కన తీగచుట్ట, ఒక చిన్న బల్బు. చుక్క అంటే ఏందని అడిగే రైతులకు చూపించడానికి చేసిందట. చేత్తో గట్టిగా తిప్పి వదిలాడు. బల్బు వెలిగింది.

"సూడండి. ఇప్పుడు నేను తిప్పటంలా. కరెంటూ లేదు. తిరుగుడే వెలుగవుతంది. వెలిగే కొద్దీ చక్రం నెమ్మదిస్తది. మన చుక్క లోపలా ఇదే కదా?"

"ఇదే" అన్నాను.

"అయస్కాంతం ఇంకా గట్టిదైతే బగ్గున వెలిగి తొందరగా ఆగుద్ది. మరీ నీరసపుదైతే వెలుగు కనపడదు. మన చుక్కకి సరిగ్గా కుదిరింది." చక్రం ఆగేదాకా ఇద్దరం చూశాం. తర్వాత గొంతు తగ్గించాడు. "కానీ మేడం, ఆ మూడు రాత్రులు మధ్యలో ఎవరో మళ్ళీ ఓ తోపు తోసినట్టు వెలిగింది. అదేందో తెలీక నాకు తిండి సయించటంలా. నివేదికలో ఆ ముక్క నా పేరు మీద ఉంటదిగా?"

చెప్పాల్సిన సమయం అదే. వాళ్ళావిడ కరీమున్ జొన్నరొట్టె, గోంగూర మాంసం పెట్టి పిలవడంతో బతికిపోయాను. నన్ను నేను తిట్టుకుంటూనే రెండు రొట్టెలు తిన్నాను.

డాబా మీద

పొద్దు వాలుతుండగా డాబా ఎక్కాం. మస్తాన్ రోజూ చేసే పని మొదలుపెట్టాడు. ఇక్కడ టెలిస్కోపులో రోజుకింత దుమ్ము చేరుతుంది, ఫోటోలో దాని మసక పడుతుంది. అందుకని సాయంత్రంపూట డాబా అవతలి కొసన తెల్లబట్ట కట్టి, ముందు దాన్ని ఫోటో తీస్తాడు. బట్ట అంతటా ఒకేలా తెల్లగా ఉంటుంది కనుక, ఫోటోలో ఎక్కడ మసక కనపడితే అక్కడ తప్పు టెలిస్కోపుదే. రాత్రి తీసిన చుక్క ఫోటోలో ఆ మసక పడ్డచోట కంప్యూటరు అంత వెలుగు కలిపి సరిచేస్తుంది. అంటే దుమ్ముకి విరుగుడు ఈయన ముందునుంచే వాడుతున్నాడు. ఆ సంగతి నేను అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు.

ఆయన కట్టింది పాత దుప్పటి. ఒక చివర వెలిసిన ఎర్ర మరక, ఫోటోలోకి రాకుండా ఆ చివర కిందికి వేలాడేశాడు.

"ఇదేం మరక?" అన్నాను.

కరీమున్ సిగ్గుపడింది. "నేనేనండీ. ఆ జల్లు పడ్డనాడు మా తమ్ముడి కళ్ళంలో కాయలు తడుత్తన్నయ్యంటే, తీగమీద ఏది ఉంటే అది లాక్కుని పరిగెత్తా. ఈయన బట్టని చూసుకోలా. మూడు రోజులు ఉతికినా ఎరుపు పోలా."

"ఆ మూడు రోజులూ మరి ఏం కట్టావు మస్తాన్?"

"మీరిచ్చిన పంచే కట్టా మేడం" అన్నాడు మస్తాన్. "అంతకంటే తెల్లనిది ఇంట్లో లేదు. పల్చగా ఉందని మడత మీద మడత పెట్టా."

నిరుడు గుంటూరులో కలిసినప్పుడు ఆ పంచె ఇచ్చింది నేనే. మా అన్నయ్య నలభై ఏళ్ళు గుంటమగ్గంలో కూర్చుని మోకాళ్ళు పోగొట్టుకున్నాడు. మగ్గం దించేముందు నేసిన ఆఖరి పంచె అది. మంచి పనివాడికెవరికైనా ఇవ్వమని నా చేతిలో పెట్టాడు. మల్లెపూవు లాంటి తెలుపు. రెండు వైపులా నాలుగు వేళ్ళ మెరూన్ నిజాం అంచు, చిన్న చిన్న గోపురాలు వరసగా తేల్చి నేసింది.

"ఆ పంచె తీసుకురామ్మా" అన్నాను కరీమున్‌తో. ఆ రోజు కట్టినట్టే కట్టమన్నాను. మడత పెడితే రెండు అంచులూ ఒకే పక్కకు చేరాయి. ఫోటో తీశాడు. అంత దగ్గర ఉన్నది టెలిస్కోపుకి ఆనదు కనుక లాప్‌టాపులో అంచు కనపడలేదు, ఒక పక్క మాత్రం పల్చటి నీడ పడింది. చుక్క వచ్చే పక్కే అది. బట్ట నీడను టెలిస్కోపు మసకనుకుని కంప్యూటరు ఆ మూడు రాత్రులూ చుక్కకి లేని వెలుగు కలిపింది.

నేను నోరు తెరిచేలోపే మస్తాన్‌కి అర్థమైంది. కాలిన మోటారు విప్పగానే లోపం ఎక్కడో పట్టే మనిషి. కుర్చీలో కూలబడి, ఆ మూడు రాత్రుల ఫోటోలు బయటికి తీసి, జల్లుకి ముందునాడు తీసిన దుప్పటి ఫోటోతో మళ్ళీ సరిచేశాడు. ఒకటి. రెండు. మూడు. ఉబ్బు పోయింది. గీత నున్నగా కిందికి దిగింది, బల్ల మీద ఆయన చక్రం నెమ్మదించినట్టే.

ఇక దాచడం పాపమనిపించి సంచిలోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. "ఇది ఇవ్వడానికే వచ్చాను మస్తాన్. నిన్ను ఒక్క మాట అడక్కుండా రాశాను. తప్పు చేశాను" అన్నాను. అరవై దాటాక క్షమాపణ చెప్పడం కష్టమే.

ఆయన సెల్‌ఫోన్ వెలుగులో రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికే ఇచ్చాడు.

"ఇందులో 'దుమ్ము' అని రాశారు మేడం. అది కొట్టేసి 'అంచు' అని రాయండి. మా దుమ్ము మీద లేని నింద ఎందుకు?"

"నలభై ఒకటీ తీసెయ్యను. మూడే తీస్తాను. తాలు తీసి కాయ ఉంచుతాను."

"ఆ మూడూ ఎందుకు తీశారో కూడా రాయండి. రాయకుండా తీస్తే దొంగతనంగా ఉంటది."

చీకటి పడ్డాక ఆ రాత్రి కొలత కూడా తీశాం. తెర మీద ఆవగింజంత చుక్క. మండే కళ్ళతో దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంతేనా అనిపించలేదు.

పొద్దున టీకొట్టు, ఒక కత్తెర

తెల్లారాక షెడ్డు ఎదురు టీకొట్టు దగ్గర మస్తాన్ తనే మొదలెట్టాడు. "ఒరేయ్, నేను చెప్పిన ఉబ్బు లేదు. అది చుక్కది కాదు, పంచె అంచుది." అందరూ నవ్వారు. "చుక్కకి పంచె కట్టావేందిరా మస్తానూ!" అని ఒకాయన వీపు మీద చరిచాడు. మస్తాన్ నవ్వాడు గానీ చేతిలో టీ తాగలేదు, అది చల్లారిపోయింది. ఆ గ్లాసు చూసి లేచాను.

లోపలికి వెళ్ళి కరీమున్‌ని కత్తెర అడిగాను. పంచె పరిచి కూర్చునేసరికి ఆమెకి అర్థమై చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దక్కా! అంచు తీసేత్తే అది బట్టేనా? మీ అన్నగారు నేసింది!"

మాది మగ్గం ఇల్లు. అంచు కోయడమంటే మా ఇంట్లో అశుభం, ఆ మాట కూడా అనరు. చెయ్యి రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆ కొస నుంచి ఈ కొసకి, రెండు వైపులా కోసేశాను. మిగిలిన తెలుపు మస్తాన్ చేతిలో పెట్టి, "ఇక ఏ నీడా పడదు, రోజూ ఇదే కట్టు" అన్నాను. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

మళ్ళీ మంగళగిరి

నివేదిక వెళ్ళింది. అందులో ఎక్కువ రాత్రులు కొలిచిన పేరు మస్తాన్ వలిదే. వెలుగు నున్నగా తగ్గడానికి తిరిగే అయస్కాంతమే కారణం కావచ్చని చెప్పగలిగామంటే, ఆయన కొలతలు అంత ఒత్తుగా ఉండబట్టే. చివర్లో ఆయన కోరినట్టే ఒక వాక్యం చేర్చాను: "దర్శిలో మూడు రాత్రుల కొలతలు తీసేశాం. కారణం, ఎదురుగా కట్టిన బట్టకు అంచు ఉండటం."

కోసిన అంచు ముక్కలు అన్నయ్యకి ఎలా చూపించాలో తెలీక రెండు రోజులు దాచాను. మూడోరోజు ఆ వాక్యం చదివి వినిపించి, ముక్కలు ఒళ్ళో పెట్టాను. అన్నయ్య ముఖం మాడిపోయింది.

"ఏందే అమ్మాయ్, నా అంచు తప్పని రాశావా? పోగు పోగూ లెక్కపెట్టి వేశానే!"

"నీ అంచులో తప్పు లేదన్నయ్యా. అది ఉండకూడని చోట ఉంది, అంతే. ఆ నీడని ఇంకో వెలుగనుకుని పదిమందిమి నెలరోజులు కొట్టుకున్నాం."

అన్నయ్య బొటనవేలితో అంచు మీద గోపురాలు ఒక్కొక్కటే తడిమాడు. కాసేపటికి ముఖం విప్పారింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, కర్ర అందుకుని, ఆ ముక్క భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ముందుగా పక్కింటావిడే దొరికింది.

"ఏమమ్మా, ఆకాశంలో అంత పెద్ద చుక్క ఉందంట" అంటున్నాడు, "దాని లెక్క తప్పించింది ఈ అంచేనంట. నేను నేసిందే."